ది కామెడీ ఆఫ్ ఎర్రర్స్

షేక్స్పియరు మహాకవి తన తొలి దశలో రచించిన హాస్యనాటకములలో ఇది యొకటి. 1594 డిసెంబరు 28వ తేదీ రాత్రి లండను నగరమందలి గ్రేస్ ఇన్ అను న్యాయవాద విద్యాసంస్థలో ఇది ప్రదర్శింపబడినట్లు తెలియుచున్నది. అచ్చుపడినది మాత్రము కవి మరణానంతరము, 1623 నాటి ప్రథమ ఫోలియో సంపుటమున. ఆయన నాటకములన్నిటిలో పరిమాణమున ఇదియే మిక్కిలి చిన్నది.

దీనికి మూలము క్రీస్తుపూర్వపు రోమక నాటకకర్త ప్లౌటసు రచించిన 'మెనెక్మై'. చిన్ననాడే విడివడిన కవలలలో ఒకడు రెండవవానిని వెదకుచు ఎపిడామ్నసు పట్టణమునకు వచ్చి, తానెన్నడును చూడని జనులు తన్ను చిరపరిచితునివలె పలుకరింపగా దిగ్భ్రాంతుడగుట అందలి కథ. షేక్స్పియరు కవల యజమానులకు కవల సేవకులను జోడించి చిక్కును రెట్టింపు చేసెను. ఇంటి యజమాని వాకిట నిలిచి తలుపు తట్టుచుండగా అతని రూపమువాడే లోపల నుండు ఘట్టమునకు ప్లౌటసుదే యైన 'ఆంఫిట్రువో' ఆధారము.

అయినను దీనిని కేవల ప్రహసనమని త్రోసిపుచ్చుట న్యాయము కాదు. ప్లౌటసు నాటకమున వేశ్యకు పేరు కలదు, భార్యకు లేదు. తుదకు ఆమెను గృహోపకరణములతోపాటు వేలమునకు పెట్టెదమని పరిహాసమాడుదురు. షేక్స్పియరు దీనిని తలక్రిందులు చేసి, భార్యకు ఏడ్రియానా యను పేరును, భర్తృప్రేమ చేజారుచున్నదన్న వేదనను, దానిని పలుకగల వాక్కును ప్రసాదించి, వేశ్యను పేరులేనిదానిగనే విడిచెను. కథారంగమును ఎఫెససునకు మార్చుటయు సాభిప్రాయమే: బైబిలు ఎఱిగిన ప్రేక్షకులకు అది మంత్రతంత్రములకు పేరుమోసిన పట్టణము గనుక, అపరిచితులు తన్ను పేరుపెట్టి పిలువగా, సిరక్యూసునుండి వచ్చిన కవల యజమాని ఆంటిఫోలసు ఇది మాయాజాలమని భయపడుట సహజముగ తోచును. సోదరుని వెదకు తాను సముద్రమున మఱియొక బిందువుకై వెదకుచు కరగిపోవు నీటిబిందువునని అతడు తలపోయు చోట నవ్వు ఒక్క క్షణము ఆగిపోవును.

ఈ హాస్యమునంతటిని ఒక మరణదండన ఆవరించియున్నది. కవలల తండ్రి యైన ఈజియను, శత్రునగరమైన ఎఫెససున అడుగిడిన దోషమునకు వేయి మార్కుల ధనము సాయంకాలములోపల చెల్లింపనిచో శిరచ్ఛేదము పొందవలసినవాడు. చెదరిన ఆ కుటుంబము తుదకు ఒక మఠము వాకిట కలిసికొనును. ఆ మఠాధికారిణియే చిరకాలము క్రిందట కానరాకపోయిన తల్లి. ఈ వియోగ సమాగమముల కథ టైరు నగరపు అపొలోనియసు గాథనుండి వచ్చినది. ఆ గాథనే కవి తన చరమదశలో 'పెరిక్లీసు'నందు మరల చేపట్టెను.

తెలుగున కందుకూరి వీరేశలింగము పంతులుగారు 'చమత్కార రత్నావళి'గా దీనిని అనుసరించిరి.