పాత డెస్క్‌టాపు పర్యావరణానికి మరలుట

పాత డెస్క్‌టాపు పర్యావరణానికి మరలుట అనగా కంప్యూటరులో కొత్తగా వచ్చిన తెర రూపాన్ని విడిచి, వాడుకరి తనకు పూర్వం అలవాటైన రూపాన్ని తిరిగి తెచ్చుకొనుట. మెనూలు, కిటికీల చట్రాలు, పనుల పట్టీ, దస్త్రాలను చూపే ప్రోగ్రాము, అమరికల పెట్టెలు కలిసి ఒక డెస్క్‌టాపు పర్యావరణం అవుతుంది. గ్నోమ్, కేడీఈ, ఎక్స్‌ఎఫ్‌సీఈ, మాటే ఇందుకు ఉదాహరణలు. గ్నోమ్ తెలుగు అనువాదకులు డెస్క్‌టాపుకు "రంగస్థలం" అనే పదాన్ని వాడారు.

డెస్క్‌టాపును మాత్రమే వెనుకకు మార్చుట వేరు, మొత్తం ఆపరేటింగ్ సిస్టమును వెనుకకు మార్చుట వేరు. మొదటిదానిలో లోపలి కెర్నెలు, భద్రతా సవరణలు కొత్తవిగానే ఉంటాయి, పైరూపం మాత్రమే పాతది. రెండవదానిలో అన్నీ పాతవే. వ్యవహారంలో రెండింటినీ "పాతది వేసుకొనుట" అనే అంటారు గాని, ఫలితాలలో చాలా తేడా కలదు. శిక్షణా సంస్థలు, విద్యార్థుల వసతిగృహాలు, డీటీపీ కేంద్రాలు అధికంగా గల దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వంటి హైదరాబాదు తూర్పు ప్రాంతాలలో ఈ తేడా చదువుతోను, జీవనోపాధితోను ముడిపడి ఉన్నది.

చరిత్ర

కేడీఈ ప్రాజెక్టు 1996లో, గ్నోమ్ 1997లో ప్రారంభమయ్యాయి. 2002 జూన్‌లో వెలువడిన గ్నోమ్ 2 సుమారు తొమ్మిది సంవత్సరాలు పెద్ద మార్పు లేకుండా కొనసాగింది. పైన ఒక పట్టీ, దానిలో అనువర్తనాలు, స్థలాలు, వ్యవస్థ అను మూడు మెనూలు, క్రింద తెరచి ఉన్న కిటికీల పట్టీ - భారతదేశంలో లినక్స్ మొదటిసారి చూసిన ఒక తరం విద్యార్థులకు లినక్స్ అంటే ఇదే.

తొలి పెద్ద అసంతృప్తి కేడీఈ వాడుకరులలో కలిగింది. 2008 జనవరిలో విడుదలైన కేడీఈ 4.0 అసంపూర్తిగా ఉన్నదని చాలామంది 3.5లోనే ఉండిపోయారు. 3.5ను కొనసాగించుటకు 2010లో ట్రినిటీ అను వేరు శాఖ ఏర్పడింది. లినక్స్ కెర్నెలు రూపకర్త లైనస్ టోర్వాల్డ్స్ కూడా కేడీఈ 4ను విడిచి గ్నోమ్‌కు మారాడు. కాని 2011 ఏప్రిల్ 6న వచ్చిన గ్నోమ్ 3లో పాత మెనూలు, క్రింది పట్టీ, కిటికీని కుదించే బొత్తము తొలగించబడ్డాయి. దానిని తీవ్రంగా విమర్శించి ఆయన ఎక్స్‌ఎఫ్‌సీఈకి వెళ్ళాడు. 2013లో తిరిగి గ్నోమ్ 3కే వచ్చాడు. పాతదానికి మరలిన ప్రతివారూ అక్కడే శాశ్వతంగా ఉండిపోరని చెప్పుటకు ఇది మంచి ఉదాహరణ.

అదే 2011 ఏప్రిల్‌లో ఉబుంటు 11.04 తన సొంత యూనిటీని ముఖ్య డెస్క్‌టాపుగా చేసింది. ఆ సంచికలో ప్రవేశ తెర వద్ద "ఉబుంటు క్లాసిక్" ఎంచుకొని గ్నోమ్ 2కు మరలే వీలు ఉండేది. అక్టోబరులో వచ్చిన 11.10లో అది లేదు. చివరకు 2017 ఏప్రిల్‌లో యూనిటీని విరమిస్తున్నట్లు మార్క్ షటిల్‌వర్త్ ప్రకటించగా, అదే సంవత్సరం అక్టోబరులో వచ్చిన 17.10లో ఉబుంటు తానే గ్నోమ్‌కు మరలింది.

విండోసులోను ఇటువంటిదే జరిగింది. విండోస్ ఎక్స్‌పీ నీలిరంగు రూపం నచ్చనివారు "క్లాసిక్" రూపాన్ని ఎంచుకొనేవారు. 2012 అక్టోబరులో వచ్చిన విండోస్ 8లో స్టార్టు బొత్తమునే తీసివేశారు. ఏడాది తిరగకముందే, 2013 అక్టోబరు 17న, 8.1లో బొత్తం తిరిగి వచ్చింది. స్టార్టు మెనూ మాత్రం 2015 జూలైలో విండోస్ 10తో గాని రాలేదు.

మాటే

గ్నోమ్ 2ను కోరుకున్నవారికి ఒక సాంకేతిక ఆటంకం ఎదురైంది. గ్నోమ్ 2, గ్నోమ్ 3 ఒకే పేర్లు గల ప్రోగ్రాములను వాడుట వలన రెండూ ఒకే కంప్యూటరులో ఇమడవు. అర్జెంటీనాకు చెందిన, పెర్బెరోస్ అను మారుపేరు గల ఆర్చ్ లినక్స్ వాడుకరి 2011లో దీనికి ఉపాయం కనుగొన్నాడు: గ్నోమ్ 2 మూలసంకేతాన్ని తీసుకొని అన్నింటికీ పేర్లు మార్చుట. నాటిలస్ "కాజా" అయ్యింది (స్పానిష్‌లో పెట్టె). జీఎడిట్ "ప్లూమా" (కలం), ఎవిన్స్ "అట్రిల్" (పుస్తకపీఠం), మెటాసిటీ "మార్కో" (చట్రం) అయ్యాయి. మాటే అనునది దక్షిణ అమెరికాలో త్రాగే ఒక ఆకు పానీయం పేరు. తెలుగు "మాట"తో దీనికి సంబంధం లేదు.

గ్నోమ్ 2 తెలుగు అనువాదాలు మూలసంకేతంతో పాటు మాటేకు సంక్రమించాయి. 2014 అక్టోబరులో ఉబుంటు మాటే మొదటి సంచిక వెలువడింది. 2017 మార్చిలో వచ్చిన మాటే 1.18 పూర్తిగా జీటీకే 3 మీదికి మారింది. కాబట్టి మాటే చూపుకు పాతదైనను లోపల పాతది కాదు. గ్నోమ్ కూడా 2013లో 3.8 సంచికతో "క్లాసిక్" విధానాన్ని చేర్చింది. 2014లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7 దానినే ముఖ్యరూపంగా తీసుకున్నది.

మరలే విధానం

లినక్స్‌లో ఉన్న డెస్క్‌టాపును తీసివేయవలసిన పని లేదు. ప్యాకేజీల నిర్వాహకం ద్వారా పాత రూపపు ప్యాకేజీని (డెబియన్‌లో "మాటే-డెస్క్‌టాప్-ఎన్విరాన్‌మెంట్") అదనంగా స్థాపించి, ఒకసారి నిష్క్రమించాలి. ప్రవేశ తెరపై వాడుకరి పేరు ఎంచుకొన్న తరువాత, సంకేతపదం ఇచ్చుటకు ముందు, పళ్ళచక్రం గుర్తును నొక్కిన స్థాపించబడిన సెషన్ల జాబితా కనబడుతుంది. మాటేను ఎంచుకొనవలెను. తరువాతి ప్రవేశాలలో అదే గుర్తుండును. నచ్చనియెడల అదే చోట కొత్తదానికి తిరిగి వెళ్ళవచ్చును. పత్రాలు, చిత్రాలు రెండు సెషన్లలోను అవే.

అయితే రెండు డెస్క్‌టాపులు ఉన్నచోట మెనూలలో ఒకే పనికి రెండేసి ప్రోగ్రాములు కనబడుట వంటి చికాకులు తప్పవు. తొలిసారి ప్రయత్నించేవారు వేరొక వాడుకరి ఖాతా సృష్టించి అందులో చూచుట మంచిది. అమరికలు కలగాపులగం కాకుండా ఉంటాయి.

తెలుగు టైపింగు

మరలిన మరునిమిషం తెలుగువారికి ఎదురయ్యే చిక్కు ఇది: అక్షరాలు సరిగానే కనబడును గాని టైపు చేయుట కుదరదు. తెలుగు ఒత్తులను, గుణింతాలను పేర్చి చూపు పని హార్ఫ్‌బజ్ వంటి గ్రంథాలయాలది. అవి డెస్క్‌టాపుకు క్రింద ఉంటాయి కనుక రూపం మారినా చెడవు. కీబోర్డు అమరిక అట్లు కాదు. గ్నోమ్ 2012లో 3.6 సంచిక నుండి ఐబస్‌ను తనలో కలుపుకున్నది. కాబట్టి గ్నోమ్‌లో ఎంచుకొన్న తెలుగు పద్ధతి మాటేకు దానంతట అది రాదు.

మాటేలో ఐబస్‌ను విడిగా ప్రారంభించి, డెబియన్, ఉబుంటులలో "ఇమ్-కాన్ఫిగ్" ద్వారా దానిని నిర్ణయించి, మరల ప్రవేశించాలి. ఎం17ఎన్ పద్ధతులలో ఇన్‌స్క్రిప్టు, ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, యాపిల్, పోతన మొదలైనవి లభిస్తాయి. ఇన్‌స్క్రిప్టు మాత్రమే వాడువారికి ఐబస్ అక్కరలేదు. కీబోర్డు అమరికలలో నేరుగా తెలుగును చేర్చిన చాలును, అది ఏ డెస్క్‌టాపులోనైనా పనిచేస్తుంది. ఈ చిన్న విషయం తెలియక "పాత డెస్క్‌టాపులో తెలుగు రాదు" అనుకొని ప్రయత్నం విరమించుట జరుగుతుంది.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతం

విజయవాడ రహదారిపై మలక్‌పేట దాటిన తరువాత దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి.నగర్ వరుసగా వస్తాయి. నల్గొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుండి చదువుకొనుటకు, పోటీ పరీక్షలకు, కంప్యూటరు కోర్సులకు వచ్చినవారు ఇక్కడి వసతిగృహాలలో ఉంటారు. 2018 సెప్టెంబరు 24న మెట్రో రైలు ఎల్.బి.నగర్ నుండి అమీర్‌పేట వరకు ప్రారంభమగుటతో రెండు శిక్షణా ప్రాంతాలు ఒకే మార్గంలో కలిశాయి.

ప్రాథమిక కంప్యూటరు కోర్సులలో పాఠం తరచు బొత్తం ఉన్న చోటును బట్టి సాగుతుంది: ఎడమ మూల నొక్కు, రెండవ వరుసకు వెళ్ళు, కుడిప్రక్క జాబితా తెరు. ఈ విధంగా నేర్చినవానికి బొత్తం చోటు మారినచో పాఠమే పోయినట్లగును. తరగతి గదిలోని యంత్రాలన్నింటిలో ఒకే పాత రూపం ఉంచుట బోధనకు సౌకర్యమే. కాని ఉద్యోగస్థలంలో ఎదురయ్యేది కొత్త రూపం. రెండు సెషన్లూ ఉంచి, ఒకే పనిని రెండింటిలోను చేయించుట దీనికి ఖర్చు లేని పరిష్కారం. పాత యంత్రాలు కొనుక్కొన్న విద్యార్థులకు మరొక కారణం కూడా కలదు. గ్నోమ్ 3 త్రిమితీయ గ్రాఫిక్స్ సామర్థ్యాన్ని కోరుతుంది, మాటే, ఎక్స్‌ఎఫ్‌సీఈలకు తక్కువ మెమరీ చాలును.

హైదరాబాదు కేంద్రంగా గల స్వేచ్ఛ సంస్థ తెలుగు మెనూలతో గ్నూ/లినక్స్ పంపిణీని రూపొందించింది. ఆంగ్ల మెనూలకు అలవాటుపడని విద్యార్థికి డెస్క్‌టాపు పాతదా, కొత్తదా అనుదానికంటే అది తన భాషలో ఉన్నదా అనునదే పెద్ద ప్రశ్న.

డీటీపీ, విండోస్ ఎక్స్‌పీ

తెలుగు డీటీపీ రంగంలో మరలుట వేరొక రూపం దాల్చింది. శుభలేఖలు, కరపత్రాలు, ప్రశ్నపత్రాలు, శిక్షణా సంస్థల నోట్సు చాలాకాలం అడోబ్ పేజ్‌మేకరులో, అను ఖతులతో తయారయ్యాయి. పేజ్‌మేకరు చివరి సంచిక 7.0 (2001). 2004లో దాని అభివృద్ధి నిలిచిపోయింది. విండోస్ విస్టాకు గాని, తరువాతివాటికి గాని అడోబ్ దానిని తీర్చిదిద్దలేదు. అను ఖతులు యూనికోడ్ కావు. ఆంగ్ల అక్షరాల స్థానాలలో తెలుగు రూపాలు ఉంటాయి కనుక వాటితో కూర్చిన పాఠం ఆ ఖతి లేనిచోట అర్థంలేని గుర్తులుగా కనబడుతుంది. ఏళ్ళ తరబడి కూర్చిన దస్త్రాలు ఇట్టి ఆకృతిలో ఉన్నవారు కొత్త కంప్యూటరు కొన్నను అందులో ఎక్స్‌పీ వేయించుకొనుటకు కారణం మొండితనం కాదు, పాత పని తెరుచుకొనవలెనన్న అవసరం.

కాని ఇది డెస్క్‌టాపును కాక, మొత్తం వ్యవస్థనే వెనుకకు మార్చుట. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసింది. 2017 మే నెలలో వానాక్రై అను సాఫ్టువేరు ప్రపంచమంతటా సవరణలు లేని విండోస్ యంత్రాలలోని దస్త్రాలకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారినపడ్డాయి. మద్దతు ముగిసినా మైక్రోసాఫ్టు అప్పుడు ఎక్స్‌పీకి అత్యవసర సవరణ ఇచ్చింది, అది మినహాయింపు మాత్రమే. ఖాతాదారుల పెన్‌డ్రైవులు రోజుకు ఎన్నో తగిలే దుకాణంలో ఇటువంటి ముప్పు మరింత ఎక్కువ.

దీనికి మధ్యేమార్గం కొత్త ఆపరేటింగ్ సిస్టము లోపల వర్చువల్ యంత్రంగా ఎక్స్‌పీని నడుపుట. దానికి అంతర్జాల సంధానం ఇవ్వరాదు. పూర్తయిన పుటలను పీడీఎఫ్‌గా మార్చి బయటకు తీసుకొనవచ్చును. విండోస్ 7 ప్రొఫెషనల్‌లో మైక్రోసాఫ్టు స్వయంగా "ఎక్స్‌పీ మోడ్" పేరిట ఇదే ఏర్పాటు చేసినది. దానితోపాటు పాత పాఠాన్ని యూనికోడుకు మార్చే పరివర్తకాలను వాడి, మూలప్రతితో సరిచూచుకొనుచు, కొద్దికొద్దిగా మార్చుకొనుట అవసరం. సరిచూడకుండా మార్చినచో ఒత్తులు, అంకెలు తారుమారయ్యే అవకాశం ఉన్నది.

పరిమితులు

పాత రూపాలను నిలిపేది ఎక్కువగా స్వచ్ఛంద సేవకులు. విండోసులో పాత స్టార్టు మెనూను తెచ్చే క్లాసిక్ షెల్‌ను దాని కర్త 2017లో ఆపివేయగా, ఇతరులు ఓపెన్ షెల్ పేరిట కొనసాగించారు. లినక్స్‌లో ఎక్స్11 స్థానంలో వేలాండ్ వచ్చుట మరొక సమస్య. 2025 సెప్టెంబరులో వచ్చిన గ్నోమ్ 49లో ఎక్స్11 సెషన్ అప్రమేయంగా నిలిపివేయబడింది. మాటే వంటివి ఎక్స్11 పునాదిపై నిర్మించబడినవి కనుక వాటిని వేలాండ్‌కు మార్చు పని చిన్న బృందాల మీద పడింది. విండోస్ 10కు మద్దతు కూడా 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 కోరే హంగులు లేని యంత్రాలు ఉన్నవారికి మద్దతు గల లినక్స్ పంపిణీపై మాటే గాని, ఎక్స్‌ఎఫ్‌సీఈ గాని స్థాపించుకొనుట ఒక మార్గం.