కొలతకు అందని ఇంజిను

ఫార్ములా వన్‌లో ఇప్పటిదాకా పరుగెత్తిన ఇంజిన్లలో అత్యంత శక్తిమంతమైనదిగా పేరుపడ్డ దాని శక్తి ఎంతో ఎవరికీ ఖచ్చితంగా తెలియదు. 1986లో మ్యూనిక్‌లోని బీఎండబ్ల్యూ ఇంజినీర్ల దగ్గరున్న డైనమోమీటరు దాదాపు 1,280 హార్స్‌పవర్ దాకానే కొలవగలిగేది. ఇంజిను ఆ గీత దాటిపోయింది. ఆ పైన ఎంతన్నది లెక్కలు కట్టి చెప్పుకోవడమే. కొందరు 1,300 అన్నారు, కొందరు 1,400 అన్నారు. తక్కువ అంకెనే తీసుకున్నా, మన పొలాల్లో బోర్లకు బిగించే 5 హెచ్‌పీ మోటార్లు 260 ఒక్కచోట చేరిస్తే వచ్చే బలం అది. ఇంత బలాన్నీ పుట్టించింది నాలుగంటే నాలుగు సిలిండర్లు, లీటరున్నర ఇంజిను. పైగా దాని బ్లాకు జర్మనీ మధ్యతరగతి కుటుంబాలు ఆఫీసుకూ సంతకూ వేసుకెళ్లే కారులోది.

ఆ కారు పేరు బీఎండబ్ల్యూ 1500. 1959 డిసెంబరు నాటికి బీఎండబ్ల్యూ దివాలా అంచున ఉంది. కంపెనీని డైమ్లర్-బెంజ్‌కు అప్పగించే ప్రతిపాదన వాటాదారుల సమావేశం దాకా వచ్చి అక్కడ వీగిపోయింది. తర్వాత హెర్బర్ట్ క్వాంట్ అనే పారిశ్రామికవేత్త సొంత డబ్బు పెట్టి కంపెనీని నిలబెట్టాడు. నిలబడాలంటే జనం కొనే కారు కావాలి. 1961లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటారు ప్రదర్శనలో చూపించిన 1500 ఆ అవసరంలోంచి పుట్టింది. దాని ఇంజిను 80 హార్స్‌పవర్ ఇచ్చేది. గీసినవాడు అలెక్స్ ఫాన్ ఫాల్కెన్‌హౌజెన్, స్వయంగా రేసులు నడిపినవాడు. కంపెనీ 1.3 లీటర్లు చాలంది. ఆయన లీటరున్నరకు తగ్గడానికి ఒప్పుకోలేదు సరికదా, ముందు ముందు బోరు (సిలిండరు వెడల్పు) పెంచుకుని రెండు లీటర్ల దాకా పోవడానికి వీలుగా పోత ఇనుము బ్లాకులో చోటు వదిలిపెట్టాడు. ఎం10 అని పిలిచే ఈ ఇంజిన్లు 1980ల చివరిదాకా తయారై, ముప్పై లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. రేసు ఇంజినుగా దాని రెండో జన్మకు కారణం ఆ వదిలిపెట్టిన చోటే.

ఇక టర్బో సంగతి. ఇంజిను ఎంత గాలి పీల్చుకుంటే అంత పెట్రోలు కాల్చగలదు, అంత శక్తి ఇవ్వగలదు. గాలి తనంత తాను లోపలికి పోయేది కొంతే. మిగతాది తోసి ఎక్కించాలి. తోయడానికి కావలసిన శక్తిని పొగగొట్టం గుండా వృథాగా పోయే వేడి వాయువుల నుంచే తీసుకోవచ్చని స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బూహి 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. పొగ తాకిడికి ఒక చక్రం తిరుగుతుంది, అదే ఇరుసు మీదున్న రెండో చక్రం గాలిని ఒత్తి సిలిండర్లలోకి పంపుతుంది. ఓడల డీజిల్ ఇంజిన్లకు, విమానాలకు ఈ పద్ధతి ముందే అబ్బింది. పెట్రోలు కార్ల దగ్గర మాత్రం చాలాకాలం తంటాలు పెట్టింది. ఒత్తిన గాలి వేడెక్కుతుంది. ఆ వేడికి పెట్రోలు స్పార్కు మంట చేరకముందే తనంతట తాను పేలితే పిస్టన్ల మీద సుత్తి దెబ్బలు పడ్డట్టే. దీన్నే మెకానిక్కులు నాకింగ్ అంటారు.

బీఎండబ్ల్యూ ఈ కష్టాన్ని రేసుల్లో ముందే రుచి చూసింది. 1969లో టర్బో బిగించిన 2002 కారుతో యూరోపియన్ టూరింగ్ కార్ల ఛాంపియన్‌షిప్ గెలిచింది. 1973లో 2002 టర్బో అని రోడ్డు మీద తిరిగే కారు కూడా తెచ్చింది. ముందు వెళ్తున్నవాడు తన అద్దంలో చూసి చదువుకుని పక్కకు తప్పుకోవాలని ఆ పేరును ముందు భాగంలో తిరగేసి రాశారు. అలాంటి డాబు ప్రదర్శించడానికి అంతకంటే చెడ్డ కాలం దొరకదు. ఆ ఏడాది అక్టోబరులోనే అరబ్ దేశాలు చమురు ఆపేశాయి. 1,672 కార్లు తయారయ్యాక ఆ మోడల్ ఆగిపోయింది.

ఫార్ములా వన్ నియమావళిలో అప్పటికే ఒక కిటికీ తెరిచి ఉంది. 1966 నుంచి మామూలు ఇంజిన్లకు మూడు లీటర్ల పరిమితి. గాలిని బలవంతంగా ఎక్కించే ఇంజిన్లయితే లీటరున్నర. సగం సైజుతో ఎవరు గెలుస్తారులే అని అందరూ ఆ వాక్యాన్ని వదిలేశారు. 1967లో వచ్చిన కాస్‌వర్త్ డీఎఫ్‌వీ ఇంజినుకు ఎదురే లేదు. చిన్న జట్టయినా డబ్బిచ్చి కొనుక్కుని, తన చట్రానికి బిగించుకుని, గెలవగలిగిన ఇంజిను అది. మొత్తం 155 గ్రాండ్ ప్రిలు గెలిచింది. పదకొండేళ్ల పాటు ఎవరూ ముట్టని ఆ కిటికీలోంచి తొంగిచూసింది ఫ్రాన్స్‌కు చెందిన రెనో. 1977 జులైలో సిల్వర్‌స్టోన్‌లో జాన్-పియెర్ జబుయ్ నడిపిన పసుపుపచ్చ టర్బో కారు మధ్యలోనే ఆగిపోయింది. తర్వాత కూడా రేసు రేసుకీ పొగలు కక్కుతుంటే ఇంగ్లిష్ జట్లు దానికి పసుపు టీకెటిల్ అని పేరు పెట్టి నవ్వుకున్నాయి. 1979 జులై 1న డిజోఁలో అదే జబుయ్ అదే కంపెనీ కారుతో గెలిచాడు. నవ్వు ఆగింది. ఫెరారీ 1981లో టర్బోకు మారింది, మిగతావాళ్లు ఇంజిన్ల వేటలో పడ్డారు.

బీఎండబ్ల్యూలో ఆ పని పాల్ రోషె చేతికి వచ్చింది. క్యామ్‌షాఫ్టులు గీయడంలో దిట్ట కాబట్టి సహోద్యోగులు ఆయన్ను ‘నోకెన్ పౌలె’ అని పిలిచేవారు. 1980లో కంపెనీ బోర్డు అనుమతి ఇచ్చినప్పుడు రోషె కొత్త వీ6 గీస్తూ కూర్చోలేదు. పాత ఎం10 బ్లాకునే తీసుకుని, బోరు 89.2 మిల్లీమీటర్లకు పెంచి, స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) 60కి తగ్గించి, పైన పదహారు వాల్వుల హెడ్ పెట్టాడు. పోత ఇనుమును కొత్తగా పోసినప్పుడు లోపల ఒత్తిళ్లు మిగిలిపోతాయి, వేడి తగిలితే వంకర పోతుంది. లక్ష కిలోమీటర్లు తిరిగిన బ్లాకులో ఆ ఒత్తిళ్లన్నీ ఏనాడో సర్దుకుని ఉంటాయి. అందుకే రోషె జనం వాడి వదిలేసిన కార్ల బ్లాకులు ఏరి తెప్పించాడు. వాటిని ఎండకూ వానకూ మంచుకూ ఆరుబయట పడేసేవారనీ, అటుగా పోయే మెకానిక్కులు వాటి మీద మూత్రం పోసేవారనీ ఒక కథ ఉంది. ఆ రెండో ముక్కను కథగానే వదిలేద్దాం.

ఎం12/13 అనే ఈ ఇంజినును బెర్నీ ఎకల్‌స్టన్ నడిపే బ్రాబమ్ జట్టు 1982లో ట్రాకు మీదికి తెచ్చింది. మొదట్లో అవమానాలే. బ్రాబమ్ మళ్లీ కాస్‌వర్త్ వైపు మళ్లితే మ్యూనిక్ నుంచి హెచ్చరిక వెళ్లాల్సి వచ్చింది. ఆ జూన్‌లో డెట్రాయిట్‌లో ప్రపంచ ఛాంపియన్ నెల్సన్ పికే రేసుకు అర్హతే సాధించలేకపోయాడు. సరిగ్గా వారానికి మాంట్రియల్‌లో అదే ఇంజినుతో గెలిచాడు. మరుసటి ఏడాది అక్టోబరు 15న కయలామీలో మూడో స్థానంలో వచ్చి, రెండు పాయింట్ల తేడాతో రెనో డ్రైవరు అలాఁ ప్రోస్ట్‌ను దాటి ప్రపంచ టైటిల్ తీసుకెళ్లాడు. టర్బో ఇంజినుకు అదే తొలి డ్రైవర్ల ఛాంపియన్‌షిప్. ఎం12/13 మొదటి రేసు నుంచి లెక్కిస్తే 630 రోజులు. టర్బోను ఫార్ములా వన్‌కు తెచ్చిన రెనో మాత్రం ఆ యుగంలో ఒక్క టైటిలూ గెలవలేదు.

ఈ గెలుపులో సగం వాటా రసాయన శాస్త్రానిది. అప్పటి నియమాల ప్రకారం ఇంధనం ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే శక్తికి కొలమానం) 102 దాటకూడదు. ఆ అంకె దాటకుండా నాకింగ్‌ను తట్టుకునే ద్రవం కావాలి. బీఏఎస్ఎఫ్ సంస్థ, దాని అనుబంధ కంపెనీ వింటర్షాల్ కలిసి 1983లో తయారు చేసిచ్చిన ఇంధనంలో అధిక భాగం టోల్యూన్. పెయింట్లు పలచన చేసే థిన్నర్లలో ఉండేదే. పెట్రోలు బంకులో దొరికే దానికంటే బరువైనది, లీటరుకు ఎక్కువ శక్తి నింపుకున్నది. దాంతో రోషె బూస్టు (టర్బో గాలిని ఒత్తి ఎక్కించే పీడనం) పెంచుకుంటూ పోయాడు. మిగతా కంపెనీలూ ఆ దారే పట్టాయి. జనం దాన్ని రాకెట్ ఇంధనం అన్నారు గానీ, అందులో రాకెట్ ఏమీ లేదు.

అయితే బలం వేరు, గెలుపు వేరు. 1984లో పికే తొమ్మిది సార్లు పోల్ పొజిషన్ (అందరికంటే ముందు నుంచి రేసు మొదలుపెట్టే స్థానం) సాధించి రెండే రెండు రేసులు గెలిచాడు. మిగతా చోట్ల ఎక్కువగా యంత్రమే మొరాయించింది. అదే ఏడాది పోర్షె ఇంజినీరు హాన్స్ మెజ్గర్ గీసిన వీ6తో మెక్లారెన్ 16 రేసుల్లో 12 గెలిచింది. దాని బలం బీఎండబ్ల్యూ కంటే తక్కువే, పొదుపు ఎక్కువ. ఎందుకంటే ఆ ఏడాది నుంచి రేసు మధ్యలో ఇంధనం నింపుకోవడం నిషేధం. 220 లీటర్లతోనే రేసంతా పూర్తిచేయాలి. జట్లు ఇంధనాన్ని గడ్డకట్టేంత చల్లబరిచి, కుంచించుకుపోయేలా చేసి, అదే ట్యాంకులో మరికాస్త ఎక్కించుకునేవి.

1986లో పరిమితి 195 లీటర్లకు దిగింది. కానీ ఎవరు ఏ స్థానం నుంచి రేసు మొదలుపెట్టాలో తేల్చే క్వాలిఫయింగ్‌కు ఆ లెక్క వర్తించదు. ఆ ఒక్క ల్యాపు కోసం ప్రత్యేకంగా ఇంజిన్లు కట్టేవాళ్లు. అదనపు పీడనాన్ని బయటికి వదిలే వేస్ట్‌గేటును మూసేసి, బూస్టు 5.5 బార్ దాకా తీసుకెళ్లేవాళ్లు. చుట్టూ ఉండే గాలి పీడనం ఒక బార్ అనుకుంటే, లీటరున్నర ఇంజిను ఎనిమిది లీటర్ల ఇంజిను పీల్చేంత గాలి పీల్చేదన్నమాట. అలాంటి ఇంజిను బతికేది రెండు మూడు ల్యాపులు. సాయంత్రం తీసేసి, 850, 900 హార్స్‌పవర్ ఇచ్చే రేసు ఇంజిను బిగించేవాళ్లు. యాక్సిలరేటర్ తొక్కాక టర్బో పుంజుకోవడానికి పట్టే క్షణం లెక్కేసుకుని, డ్రైవరు మలుపులో ఉండగానే ముందుగా తొక్కాలి. లెక్క తప్పితే ఆ బలమంతా చక్రాలు ఇంకా వంకరగా ఉండగానే వచ్చిపడేది. కారు కనీస బరువు 540 కిలోలు. ఆ ఏడాది బెనెటన్ కారులో ఈ ఇంజినుతో టెయో ఫాబి ఆస్ట్రియాలో, మోంజాలో పోల్ సాధించాడు. మెక్సికోలో గెర్హార్డ్ బెర్గర్ గెలిచాడు. హాకెన్‌హైమ్‌లో మాత్రం ఆఖరి ల్యాపులో ట్యాంకు ఖాళీ అయిన ప్రోస్ట్ కారు దిగి దాన్ని చేతులతో తోసుకుంటూ కనిపించాడు.

ఇక చాలనుకున్న అధికారులు 1987లో బూస్టును 4 బార్‌కు, 1988లో 2.5 బార్‌కు తగ్గించారు. ఇంధనం 150 లీటర్లకు కుదించారు. టర్బోలు పూర్తిగా పనికిరాకుండా పోతాయనుకున్నారు. హోండా ఆ ఆంక్షల్లోపలే మరో ఇంజిను తీర్చిదిద్దింది. బూస్టు తగ్గింది కాబట్టి కంప్రెషన్ నిష్పత్తిని 9.4కు పెంచింది. నూటికి 84 పాళ్లు టోల్యూన్ ఉన్న ఇంధనం సరిగ్గా ఆవిరి కాకపోతే దాన్ని ముందే వేడిచేసి పంపింది. 685 హార్స్‌పవర్ తీసింది. మెక్లారెన్ ఆ ఇంజినుతో 16 రేసుల్లో 15 గెలిచింది. రోషె అంకె గొప్పదా, హోండా అంకె గొప్పదా అని నన్నడిగితే హోండాదే అంటాను. ఇంధనం ఎంతైనా పోసి, ఇంజిను పేలిపోయినా పర్వాలేదనుకుని బలం తీయడం ధైర్యం. 150 లీటర్లతో 300 కిలోమీటర్లు పరుగెత్తి గెలవడం ఇంజినీరింగ్.

బీఎండబ్ల్యూ 1986 చివర్లో తప్పుకున్నా, బ్లాకు తప్పుకోలేదు. మెగాట్రాన్ అన్న కొత్త పేరుతో ఆరోస్ జట్టులో మరో రెండేళ్లు నడిచింది. 1988లో మెక్లారెన్ చేజార్చుకున్న ఒకే ఒక్క రేసులో, మోంజాలో, ఎడీ చీవర్‌కు మూడో స్థానం తెచ్చింది. అదే దానికి ఆఖరి పోడియం. 1989లో టర్బోలను నిషేధించారు.

పాతికేళ్ల తర్వాత, 2014లో, ఫార్ములా వన్ టర్బోను తిరిగి తెచ్చుకుంది. 1.6 లీటర్ల వీ6, తోడుగా విద్యుత్ మోటార్లు. ఈసారి తాళం వేసింది ఇంధనం మీద: గంటకు 100 కిలోలకు మించి పారకూడదన్నారు, ఆ ఏడాది రేసు మొత్తానికీ 100 కిలోలే ఇచ్చారు. కారు కొనేటప్పుడు మనవాళ్లు అన్నిటికంటే ముందు మైలేజీ ఎంత అని అడుగుతారు. ప్రపంచంలోనే ఖరీదైన ఇంజినీర్లు చివరికి ఆ ప్రశ్నకే జవాబు వెతకాల్సి వచ్చింది. 2017లో మెర్సిడెస్ తన రేసు ఇంజిను ఇంధనంలోని శక్తిలో సగానికి పైగా పనిగా మార్చగలుగుతోందని ప్రకటించింది. రోడ్డు మీద తిరిగే మామూలు పెట్రోలు కారు మూడో వంతు దగ్గరే ఆగిపోతుంది.