బుల్లితెర మీద మళ్లీ కొట్టుకున్న గుండెలు

మైకేల్ క్రైటన్ 1969లో హార్వర్డ్‌లో వైద్యపట్టా పుచ్చుకున్నాడు గాని వైద్యవృత్తి చేపట్టలేదు. విద్యార్థిగా మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో చూసినవారిలో ఐదుగురి కథలతో 1970లో ‘ఫైవ్ పేషంట్స్’ అనే పుస్తకం వెలువరించాడు. 1974లో అత్యవసర విభాగం జీవితాన్ని సినిమాకథగా రాస్తే, అది ఇరవయ్యేళ్లు మూలపడి ఉంది. చివరకు 1994 సెప్టెంబరు 19న ఎన్.బి.సి.లో ‘ఈఆర్’ ధారావాహికగా మొదలై, 2009 వరకు 15 సీజన్లు నడిచింది. మందుల పేర్లూ మోతాదులూ పరీక్షలూ ప్రేక్షకుడికి విడమరచి చెప్పకుండానే, ఆసుపత్రిలో వినిపించే వేగంతో వినిపించడం దాని ప్రత్యేకత.

ఆ మొదటి సీజన్‌లోనే, 1995 మార్చి 9న, ‘లవ్స్ లేబర్ లాస్ట్’ అనే భాగం ప్రసారమైంది. రచయిత లాన్స్ జెంటైల్ స్వయంగా అత్యవసర వైద్యుడు. కథలో ఒక నిండు గర్భిణి మూత్రసంబంధమైన బాధతో వస్తుంది. డాక్టర్ మార్క్ గ్రీన్ మూత్రాశయపు ఇన్ఫెక్షన్ అని తేల్చి ఇంటికి పంపుతాడు. కాసేపటికే ఆమె మూర్ఛలతో తిరిగివస్తుంది. అది ఎక్లాంప్సియా, తెలుగునాట గుర్రపువాతం అనే వ్యాధి. పెరిగే రక్తపోటు, మూత్రంలో ప్రోటీను దానికి ముందస్తు హెచ్చరికలు. బిడ్డ దక్కుతుంది, తల్లి దక్కదు. పొరపాటు చేసినవాడు దుర్మార్గుడు కాడు, సమర్థుడైన మంచి వైద్యుడు. వైద్యులు తమలో తాము కూడా పెదవి విప్పడానికి జంకే సత్యాన్ని ఆ రాత్రి బుల్లితెర దాచలేదు.

అదే సీజన్ మరొక విషయంలో మాత్రం సత్యానికి చాలా దూరంగా నడిచింది. 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో సూసన్ డీమ్, జాన్ లాంటోస్, జేమ్స్ టల్స్కీ ఒక లెక్క ప్రచురించారు. ‘ఈఆర్’తోపాటు ‘షికాగో హోప్’, ‘రెస్క్యూ 911’ కలిపి 97 భాగాలు చూస్తే, ఆగిన గుండెను ఛాతీమీద నొక్కి నడిపించే ప్రయత్నం, అంటే సి.పి.ఆర్., 60 సార్లు కనిపించింది. నూటికి 75 మంది ఆ క్షణానికి బతికారు. 67 మంది కోలుకుని ఇంటికి వెళ్లినట్లే తోచింది. నిజమైన ఆసుపత్రులలో ఆ సంఖ్య ఆరున్నరకూ 15కూ మధ్య ఉంటుందని ఆ రచయితలే పాత అధ్యయనాల ఆధారంగా చూపారు. తెరమీద గుండె ఆగినవారిలో ఎక్కువమంది పిల్లలూ పడుచువారూ. వాస్తవంలో వారు ఎక్కువగా ముదిరిన జబ్బులున్న వృద్ధులు.

ఈ ఆశ టెలివిజన్ పుట్టించినది కాదు. 1960లో జాన్స్ హాప్కిన్స్ నుంచి విలియం కౌవెన్‌హోవెన్, జేమ్స్ జూడ్, గై నికర్‌బాకర్ ఈ పద్ధతిని మొదట ప్రకటించినప్పుడు 20 మందిలో 14 మంది బతికారు, అంటే నూటికి 70. వారిలో చాలామందికి గుండె ఆగినది మత్తుమందు ఇచ్చిన సమయంలో, వైద్యుల కళ్లముందే. తరువాత అదే చికిత్సను వార్డులలో మరణానికి చేరువైన వారందరికీ ప్రయోగించసాగారు. ఫలితం పడిపోయింది. తెర మాత్రం ఆ తొలినాటి సంఖ్య దగ్గరే నిలిచిపోయింది.

ఈ తేడా ఇంటెన్సివ్ కేర్ గది గుమ్మం దగ్గర బయటపడుతుంది. ‘గుండె ఆగితే ఏం చేయమంటారు?’ అని వైద్యుడు అడిగినప్పుడు, ఎనభై ఏళ్ల తండ్రి కొడుకు మనసులో మెదిలేది నాలుగు నిమిషాల్లో కళ్లు తెరిచిన యువకుడి దృశ్యం. విరిగే పక్కటెముకలు, వెంటిలేటరు మీద గడిచే వారాలు, తిరిగిరాని స్పృహ అతడికి ఎవరూ చూపలేదు. ‘అన్నీ చేయండి’ అంటాడు. ఆ మాటలో ప్రేమ ఉంది, సమాచారం లేదు.

ఒక తల్లి మరణాన్ని అంత నిజాయితీగా చూపిన ధారావాహిక, ప్రతి వారమూ జరిగే సి.పి.ఆర్.లో ఆ నిజాయితీని నిలుపుకోలేకపోయింది. ఒక్కసారి చెప్పిన సత్యం గొప్ప కథగా గుర్తుండిపోతుంది. వారం వారం చూసిన అబద్ధం నమ్మకంగా స్థిరపడుతుంది. దాన్ని సరిదిద్దే పని, గుమ్మం దగ్గర కాస్త ఆగి కుటుంబంతో మాట్లాడే వైద్యుడి మీదే పడుతోంది.