కొండే గ్యాలరీగా

తెల్లవారుజామున హిందూపురంలో ధర్మవరం వైపు పోయే బండెక్కారు. తేదీ జనవరి 11. చలిగాలి కోస్తున్నా కిటికీ దించకండి. పెనుకొండ వస్తోంది. కొండ, కొండ మీద కోట గోడలు మసక వెలుగులో తేలుతున్నాయి. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడాక విజయనగర రాజులు రాజధానిని మార్చుకున్నది ఇక్కడికే. ఊళ్ళో గగన్ మహల్ మీదా గుమ్మటమే, బాబయ్య దర్గా మీదా గుమ్మటమే. నడుమ స్తంభం లేకుండా నెత్తిన కప్పు నిలబెట్టడం ఈ సీమకు ఎప్పటినుంచో తెలిసిన విద్య.

పెనుకొండ దాటాక శ్రీ సత్యసాయి ప్రశాంతి నిలయం స్టేషన్, అంటే పుట్టపర్తి. 2000లో కట్టారు. దిగండి.

"యాడికన్నా? స్టేడియం కాడికేనా? ఈ పొద్దు ఆటలుండాయి, జనం శానా వస్తారు" అంటూ ఆటో తిప్పుతాడు డ్రైవరు. దారిలో మళ్ళీ గుమ్మటాలు. 1991లో తెరిచిన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి అది. బ్రిటిష్ వాస్తుశిల్పి కీత్ క్రిచ్‌లో గీసిన నమూనా.

ఇక హిల్ వ్యూ స్టేడియం. లోపలికి అడుగుపెట్టగానే మీ చూపు మైదానం మీద ఆగదు, కొండ మీదికి పోతుంది. గట్టు మీద దాదాపు 65 అడుగుల ఆంజనేయుడు. ఆ వరుసలోనే కృష్ణుడు, శివుడు, బుద్ధుడు, ఏసు, జొరాస్టర్. సత్యసాయిబాబా అరవయ్యో పుట్టినరోజు నాటికి, 1985లో, ఈ మైదానం సిద్ధమైంది. ఎదురుగా శాంతి వేదిక. కొండనే గ్యాలరీకి వెన్నుగా పెట్టుకున్న ఆ ఆలోచన ఈ మైదానం మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చుతుంది. ఎత్తు కోసం ఇటుక మీద ఇటుక పేర్చలేదు, ఉన్న నేల ఒంపునే వాడుకున్నారు.

బ్యాండు మొదలైంది. సత్యసాయి విద్యాసంస్థల పుట్టపర్తి, అనంతపురం, బెంగళూరు విద్యార్థులు వరుసలు కట్టి వస్తున్నారు. ఒకడు వేగంగా పోతున్న మోటారు సైకిలు మీద నిటారుగా నిలబడ్డాడు. పక్కనే జిమ్నాస్టులు ఒకరి భుజాల మీద ఒకరెక్కి గోపురం కడుతున్నారు. అందరికన్నా పైనున్న పిల్లవాడు చేతులు చాపేసరికి గ్యాలరీ అంతా ఊపిరి బిగబట్టింది. మీరూ బిగబట్టారు.

ఇదే నేల మీద 1997 డిసెంబరు 30న యూనిటీ కప్ జరిగింది. ఒకవైపు సచిన్ టెండూల్కర్ నాయకత్వంలో భారత జట్టు, రెండోవైపు అర్జున రణతుంగ నాయకత్వంలో ప్రపంచ జట్టు. జిల్లా కేంద్రం కూడా కాని ఊరికి ఆ రోజు క్రికెట్ లోకమంతా దిగివచ్చింది. (పుట్టపర్తి జిల్లా కేంద్రమైంది 2022లో.)

ఎండ ముదురుతోంది. పదండి, ఇండోర్ స్టేడియానికి. శ్రీ సత్యసాయి అంతర్జాతీయ క్రీడా కేంద్రమని దాని పేరు. 2006లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం దాన్ని ప్రారంభించారు. వంపు తిరిగిన పెద్ద కప్పు కిందికి రాగానే గాలి ఆగిపోతుంది. అన్నిటికన్నా ముందు తెలిసేది అదే. మన సీమ గాలి సంగతి మీకు తెలియంది కాదు. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు. షటిల్ కాక్ బరువేమో ఐదు గ్రాముల చుట్టుపక్కల, దానికి పదహారు ఈకలు. బయట కొడితే అది పోయేది గాలి చెప్పిన చోటికే. అందుకే బ్యాడ్మింటన్‌కు నాలుగు గోడలు కావాలి, కోర్టు మీద ఎత్తూ కావాలి. పెద్ద పోటీలకైతే 12 మీటర్ల ఎత్తు అడుగుతారు.

కప్పు వేస్తే చాలదు, దానితో తలనొప్పులూ వస్తాయి. అమెరికాలోని హ్యూస్టన్‌లో 1965లో ఆస్ట్రోడోమ్ తెరిచారు. బేస్‌బాల్, ఫుట్‌బాల్ రెండూ ఆడేలా గుమ్మటం కింద కట్టిన మొదటి పెద్ద స్టేడియం అది. లోపలి ఎత్తు 208 అడుగులు. గడ్డికి ఎండ తగలాలని కప్పుకు 4,596 వెలుతురు పలకలు బిగించారు. ఆ వెలుగు కళ్ళలో పడి ఆటగాళ్ళకు గాల్లో బంతి కనబడలేదు. పలకలకు రంగు పూశారు. బంతి కనబడింది గానీ గడ్డి చచ్చిపోయింది. మరుసటి ఏడాది కృత్రిమ గడ్డి పరిచారు. ఆస్ట్రోటర్ఫ్ అన్న పేరు ఆ స్టేడియం నుంచి వచ్చిందే. ఒక కప్పు ఆట నేలనే మార్చేసింది.

తల ఎత్తి చూడండి. సర్వీసు చేసే పిల్లకు పైనున్న దీపం కళ్ళలో పడుతోందా? హాలులో అన్నిటికన్నా ముందు చూడాల్సింది అది. కుర్చీలెన్ని, గోడకే రంగు వేశారన్నది తరవాతి మాట.

పిల్లలకు బడి లేనిది ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ దాకా. ధర్మవరం మగ్గాల వీధుల్లో, హిందూపురం బస్తీల్లో, పెనుకొండ పల్లెల్లో వాళ్ళకు తీరిక దొరికేది ఆ వారాల్లోనే. సరిగ్గా అప్పుడే పొద్దున తొమ్మిది దాటితే మైదానంలో కాలు పెట్టలేం. హ్యూస్టన్ వాళ్ళు వానకూ ఉక్కకూ దోమలకూ భయపడి కప్పు వేసుకున్నారు. మనకు వేసవి శిబిరాలు నడవడానికే కప్పు కావాలి. పుట్టపర్తిలో ఉన్నది ఆ మూడు ఊళ్ళకూ రావాలి; ఇంత పెద్దది కాకపోయినా సరే, గాలి ఆగి దీపం కళ్ళలో పడని హాలు ఊరికొకటి చాలు.