క్రీడ్‌మూర్, 1874: మూడు పాయింట్ల తేడా

దూరపు గురి పందేల కోసం నేటి కర్మాగారాలు తయారుచేసే రైఫిళ్ళలో అనేకం 6.5 క్రీడ్‌మూర్ అనే తూటాకు అమరేటట్లు వస్తున్నాయి. ఆ తూటా 2007 నాటిది. పేరు మాత్రం చాలా పాతది. న్యూయార్కు దాపున లాంగ్ ఐలండ్‌లో 1873లో వెలసిన ఒక గురి మైదానానిది. ఏ రైఫిల్ మేలైనదన్న వాదం అక్కడ ఒక్క రోజులో తేలిపోయిందని ఆనాటివారు నమ్మారు. నిజంగా తేలింది తుపాకుల సంగతేనా అని నా సందేహం.

1873లో వింబుల్డన్‌లో ఎల్కో షీల్డు గెలిచిన ఐరిష్ జట్టు అమెరికావారికి సవాలు విసిరింది. 1874 సెప్టెంబరు 26న పందెం. జట్టుకు ఆరుగురు, 800, 900, 1000 గజాల నుండి మనిషికి పదిహేనేసి గుండ్లు. గురి ఒక ఇనుప పలక. నడిమి మూడడుగుల చదరంలో తగిలితే 4, దాని వెలుపల 3, అంచులలో 2. దుర్బిణీ అద్దాలు నిషిద్ధం. వెయ్యి గజాల దూరం చేరడానికి ఆనాటి సీసపు గుండుకు సుమారు మూడు సెకన్లు పట్టేది. ఆ మూడు సెకన్లూ అది గాలి చేతిలో ఉన్నట్లే.

ఐరిష్‌వారివి డబ్లిన్ తుపాకీ నిపుణుడు జాన్ రిగ్బీ చేయించిన రైఫిళ్ళు. మూతి నుండి మందు పోసి, గుండు దట్టించాలి. మందును తూచి పోసుకోవచ్చు, గొట్టం వెనుక భాగంలో అతుకు ఉండదు. కనుక దూరపు గురికి ఇవే శ్రేష్ఠమని నిపుణుల విశ్వాసం. అమెరికావారి చేతుల్లో వెనుక నుండి తూటా పెట్టే కర్మాగారపు రైఫిళ్ళు: ముగ్గురివి ఇలియన్‌లో తయారైన రెమింగ్టన్‌లు, ముగ్గురివి హార్ట్‌ఫర్డ్‌లో తయారైన షార్ప్స్. నల్లమందు పేలిన ప్రతిసారీ గొట్టంలో మసి పేరుకుంటుంది, తరువాతి గుండు దారి మారుతుంది. రిగ్బీ రైఫిల్ పట్టినవాడు లేచి నిలబడి మళ్ళీ దట్టించుకోవాలి. అమెరికా వాడు పడుకున్నచోటనే వెనుక భాగం తెరిచి, గొట్టం తుడిచి, శుభ్రపడిందో లేదో అవతలి వెలుగులోకి చూసి, ఇత్తడి తూటా పెట్టుకునేవాడు.

అమెరికా 934, ఐర్లండ్ 931. చివరి గుండు జాన్ బోడైన్‌ది. కొద్దిసేపటి క్రితమే సీసా పగిలి అతని చేయి తెగింది. రుమాలు చుట్టుకున్న చేత్తోనే నడిమి చదరాన్ని కొట్టాడు. అది తప్పి ఉంటే ఐర్లండ్ ఒక్క పాయింటుతో గెలిచేది. అంతకు ముందే ఐరిష్ జట్టులోని మిల్నర్ కూడా ఒక గుండును సరిగ్గా నడిమి చదరంలోనే కొట్టాడు, కాని పక్కవారి పలక మీద! దానికి సున్నా. ఆ నాలుగూ కలిస్తే ఐర్లండ్‌కు 935.

అయినా ఆ మూడు పాయింట్లను కర్మాగారపు తుపాకీ విజయంగానే చెప్పుకున్నారు. విడి లెక్కలు చూస్తే ఆ మాట నిలవదు. రెమింగ్టన్‌ల మొత్తం 478, షార్ప్స్ మొత్తం 456. తేడా 22. అయితే రెమింగ్టన్ పట్టిన ఫుల్టన్ 171 కొట్టాడు, షార్ప్స్ పట్టిన డాకిన్ 139; ఈ ఇద్దరి మధ్యనే 32 తేడా. రెమింగ్టన్ రైఫిల్‌ను రూపొందించిన హెప్‌బర్న్‌కు దక్కినవి 149 మాత్రమే. అవతల తన తుపాకీతో రిగ్బీ 163 సాధించి, తన జట్టులో మొదటివాడయ్యాడు. ఈ అంకెలు కొలిచింది మనుషులనే తప్ప గొట్టాలను కాదని నాకనిపిస్తుంది.

తుపాకుల తేడా తెలిసింది తరువాతి ఏళ్ళలో. 1875లో డబ్లిన్ చెంత డాలీమౌంట్‌లో అమెరికా 967, ఐర్లండ్ 929. 1877లో మళ్ళీ క్రీడ్‌మూర్‌లో బ్రిటిష్ జట్టుపై 3334కు 3242. ఇంత తేడాను పక్క పలక మీద పడిన ఒక గుండుతో సరిపెట్టలేము.

గెలిచిన షార్ప్స్ కంపెనీ 1881లో మూతబడింది. రెమింగ్టన్ 1886లో దివాలా తీసింది. రిగ్బీ 1887లో ఎన్‌ఫీల్డ్‌లోని బ్రిటిష్ ప్రభుత్వ ఆయుధ కర్మాగారానికి అధిపతి అయ్యాడు. అతని హయాంలో అక్కడ తయారైన లీ-మెట్‌ఫర్డ్ రైఫిళ్ళు వెనుక నుండి తూటా పెట్టేవే.