జెనాన్ హెడ్‌లైట్లు: విడిగా అమర్చే పద్ధతి, దోషనిర్ధారణ

జెనాన్ హెడ్‌లైటు అంటే ఫిలమెంటు తీగను కాల్చి కాక, క్వార్ట్జ్ గాజు గొట్టంలో ఎదురెదురుగా ఉన్న రెండు ఎలక్ట్రోడుల నడుమ వాయువు గుండా విద్యుత్తును ప్రవహింపజేసి, అక్కడ నిలిచే ఆర్కు అనే విద్యుత్ చాపం నుంచి వెలుతురును రాబట్టే వాహన దీపం. కార్లలో ఇది తొలిసారి 1991లో జర్మనీకి చెందిన బీఎండబ్ల్యూ సంస్థ 7 సిరీస్ కారులో, అదీ డ్రైవర్లు డిమ్ము అని పిలిచే దిగువ వెలుగుకు మాత్రమే వచ్చింది. ఒకే దీపం డిమ్ముకూ బ్రైటుకూ పనిచేసే బై-జెనాన్ పద్ధతి 1999లో మెర్సిడెస్ బెంజ్ సీఎల్ కారుతో మొదలైంది. హాలోజన్ బల్బులతో తయారైన వాహనానికి యజమాని తరువాత కొని బిగించుకునే జెనాన్ సామగ్రిని హెచ్ఐడీ కిట్ అంటారు. ఈ వ్యాసంలోని విషయం ప్రధానంగా ఆ కిట్ల అమరిక, వాటిలో తలెత్తే లోపాలు, వాటి పరిమితులు.

పనిచేసే తీరు

కిట్‌లో మూడు భాగాలు ఉంటాయి. మొదటిది బల్బు, రెండవది బ్యాటరీలోని 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తును బల్బుకు తగిన ఏకాంతర విద్యుత్తుగా మార్చి, ప్రవాహాన్ని అదుపులో ఉంచే బ్యాలస్ట్ అనే ఎలక్ట్రానిక్ పెట్టె, మూడవది ఆర్కును రాజేసే ఇగ్నైటర్. ఇగ్నైటర్ కొన్ని రకాలలో బ్యాలస్ట్‌లోనే కలిసి ఉంటుంది, డి1ఎస్ వంటి రకాలలో బల్బు అడుగునే అమరి ఉంటుంది. స్విచ్చి వేయగానే ఇగ్నైటర్ 20,000 వోల్టులకు పైబడిన స్పందనను బల్బులోకి పంపుతుంది. దాంతో ఆర్కు పుట్టి, గొట్టంలో ఒత్తిడితో నింపిన జెనాన్ వాయువు తక్షణమే కొంత వెలుతురు ఇస్తుంది. ఆ వేడికి గొట్టం గోడలపై ఉన్న సోడియం, స్కాండియం అయొడైడ్ లవణాలు ఆవిరై వెలుగులో పాలుపంచుకుంటాయి కాబట్టి, నిలకడగా వెలిగే దశలో కాంతిలో పెద్ద వాటా జెనాన్‌ది కాదు, ఆ లోహ లవణాలదే. ఐరోపా ప్రమాణాల ప్రకారం రాజుకున్న ఒక సెకనుకు నిర్దేశిత కాంతిలో 25 శాతం, నాలుగు సెకన్లకు 80 శాతం రావాలి. అందుకే దారి అడగడానికి ఠక్కున కొట్టే డిప్పర్‌కు, అప్పటిదాకా ఆరి ఉన్న జెనాన్ బల్బు బొత్తిగా పనికిరాదు.

నిలకడ దశలో డి2ఎస్ రకపు బల్బు సుమారు 85 వోల్టుల వద్ద 35 వాట్లు మాత్రమే తీసుకుని 3,200 ల్యూమెన్ల కాంతి ఇస్తుంది. హెచ్7 హాలోజన్ బల్బు 55 వాట్లు తిని ఇచ్చేది 1,500 ల్యూమెన్లే. పాదరసం లేకుండా తయారయ్యే డి3ఎస్, డి4ఎస్ రకాలు దాదాపు 42 వోల్టులకే పనిచేస్తాయి కనుక డి1ఎస్, డి2ఎస్ రకాల బ్యాలస్ట్‌లతో వాటిని కలపరాదు.

కాంతి రంగును కెల్విన్లలో చెబుతారు. వాహన కర్మాగారాలు వాడే బల్బులు సుమారు 4,300 కెల్విన్ల దగ్గర, కొద్దిపాటి పసుపు జీర ఉన్న తెలుపుతో వెలుగుతాయి. దుకాణాల్లో 6,000, 8,000 అంటూ అమ్మేవి నీలికి తిరిగే కొద్దీ వాటి అసలు కాంతి తగ్గుతుంది, ఎదుటివారి కంటికి బాధ మాత్రం పెరుగుతుంది. అంకె పెద్దదైతే వెలుగు పెద్దదన్న నమ్మకం ఈ వ్యాపారంలో అన్నిటికన్నా బలంగా నాటుకున్న పొరపాటు.

దీపపు గూడు, కాంతి హద్దు

హెడ్‌లైటు లోపలి అద్దపు గిన్నెను, అంటే రిఫ్లెక్టరును, ఒక నిర్దిష్ట స్థానంలో నిర్దిష్ట ఆకారంతో ఉన్న ఫిలమెంటు కోసం లెక్కగట్టి తయారుచేస్తారు. హాలోజన్ ఫిలమెంటు తిన్నని చుట్ట, దాని కాంతి పొడవునా ఇంచుమించు సమంగా ఉంటుంది. ఆర్కు వేడికి పైకి వంగి ఉంటుంది, దాని రెండు కొసల దగ్గర ప్రకాశం ఎక్కువ. అందువల్ల హాలోజన్ గిన్నెలో జెనాన్ బల్బును దూరిస్తే, కిందికి పడవలసిన కాంతి పైకీ పక్కలకూ చెదురుతుంది. హెచ్4 హోల్డరు ఉన్న వాహనాలలో సమస్య ఇంకా ముదురుతుంది. మామూలు హెచ్4 బల్బులో డిమ్ము ఫిలమెంటు కింద చిన్న లోహపు దొప్ప ఉండి, గిన్నె కింది సగానికి కాంతి చేరకుండా ఆపుతుంది. కిట్ తయారీదారులు దానికి బదులు విద్యుదయస్కాంతంతో బల్బును ముందుకూ వెనక్కూ జరిపే ఏర్పాటు చేస్తారు గాని, అసలు దొప్ప చేసినంత కచ్చితమైన పని అది చేయలేదు.

అయినా బిగించుకున్న వారికి వెలుగు బాగా పెరిగిందనే అనిపిస్తుంది. చెదిరిన కాంతి కారు ముందు పది ఇరవై మీటర్ల నేలను తెల్లగా ముంచెత్తడమే ఇందుకు కారణం. దగ్గరి నేల అంతగా వెలిగితే కంటిపాప కుంచించుకుపోతుంది, దూరాన నడిచి వెళ్లే మనిషి మునుపటికన్నా మసకగా కనిపిస్తాడు. ఈ లోపాన్ని ఏ మెకానిక్కూ వైరు మార్చి, స్క్రూ తిప్పి సరిచేయలేడు, ఎందుకంటే అది విద్యుత్తుకు సంబంధించినది కాదు, దీపపు ఆకృతికి సంబంధించినది.

సరైన దారి ప్రొజెక్టరు అమర్చడం. ప్రొజెక్టరు అంటే వెనుక చిన్న గిన్నె, మధ్యలో వెలుగును పై అంచున కత్తిరించే రేకు, ముందు ఉబ్బెత్తు కటకం ఉన్న పరికరం. బై-జెనాన్ ప్రొజెక్టరులో ఆ రేకు బ్రైటు వేసినప్పుడు కిందికి వాలుతుంది, బల్బు కదలదు. దీన్ని అమర్చడానికి హెడ్‌లైటు అంచున ఉన్న బంకను వేడితో మెత్తబరచి, పై అద్దాన్ని విప్పి, ప్రొజెక్టరును మట్టసంగా బిగించి, మళ్లీ నీరు చొరకుండా మూయాలి. ఇది చేయి తిరిగినవారి పని. ఇక్కడ భారతీయ కొనుగోలుదారు తప్పక చూడవలసిన సంగతి ఒకటి ఉంది. ఎడమవైపు నడిచే దేశాల దీపాల్లో కాంతి హద్దు ఎడమ పక్కన, అంటే రోడ్డు అంచు వైపు, కొద్దిగా పైకి లేస్తుంది. అమెరికా నుంచో ఐరోపా ప్రధాన భూభాగం నుంచో వచ్చిన పాత కార్ల ప్రొజెక్టర్లలో ఆ మెట్టు కుడివైపున ఉండి, మన రోడ్లపై సూటిగా ఎదుటి డ్రైవరు ముఖం మీద పడుతుంది. బ్రిటన్, జపాన్ కార్లవి అయితే ఈ చిక్కు రాదు.

అమరిక

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీయాలి. రాజుకునే క్షణాల్లో ఒక్కో బ్యాలస్ట్ నిలకడ దశకు రెండు మూడు రెట్ల కరెంటు లాగుతుంది గనుక, వాహనంలోని సన్నని పాత తీగల మీద ఆ భారం వేయరాదు. బ్యాటరీ పాజిటివ్ నుంచి, దానికి దగ్గరలోనే తగిన ఫ్యూజు పెట్టి, రిలే గుండా రెండు బ్యాలస్ట్‌లకూ విడి తీగలు లాగాలి. రిలే అంటే స్వల్ప కరెంటుతో పెద్ద కరెంటును కలిపే విద్యుదయస్కాంత స్విచ్చి. దీనివల్ల పాత హెడ్‌లైటు తీగ కేవలం సంకేతం ఇచ్చి ఊరుకుంటుంది. ఎర్త్ తీగలను రంగు గీకిన శుభ్రమైన బాడీ లోహానికి బోల్టుతో బిగించాలి. ప్లాస్టిక్ బంపరుకు దగ్గరలో తుప్పు పట్టిన స్క్రూకు చుట్టిన ఎర్త్ ఆరు నెలలు తిరగకముందే మొరాయిస్తుంది.

బ్యాలస్ట్‌ను ఇంజను వేడికీ చక్రాల నుంచి ఎగిరే నీటికీ దూరంగా, వేడి పీల్చే లోహంపై, తీగల కనెక్షన్లు కిందికి ఉండేలా కట్టాలి. ఇగ్నైటర్ నుంచి బల్బుకు వెళ్లే అధిక వోల్టేజి తీగను కత్తిరించడం, అతుకు వేసి పొడిగించడం ఎంతమాత్రం కూడదు. బల్బు గాజును వేళ్లతో ముట్టకూడదు, ముట్టితే స్పిరిట్‌తో తుడవాలి. వెనుక దుమ్ము మూతకు రంధ్రం చేసినప్పుడు రబ్బరు బుష్ పెట్టకపోతే తొలి వానకే దీపం లోపల చెమ్మ పడుతుంది. ఇవన్నీ పూర్తయ్యాకే బ్యాటరీ కలిపి స్విచ్చి వేయాలి. దీపం వెలుగుతుండగా కనెక్షన్లు విప్పడం ప్రాణాపాయం.

చివరగా వెలుగు ఎత్తు సరిచూడాలి. టైర్లలో గాలి సరిగా ఉండి, డ్రైవరు సీటులో మనిషి కూర్చుండగా, వాహనాన్ని సమతల నేలపై గోడకు 10 మీటర్ల దూరంలో నిలిపితే, గోడపై కాంతి హద్దు దీపం మధ్య ఎత్తుకన్నా సుమారు 10 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. ఐరోపాలో 2,000 ల్యూమెన్లు దాటిన దీపాలకు బరువును బట్టి ఎత్తు తానే సరిచేసుకునే యంత్రాంగాన్నీ, అద్దం కడిగే ఏర్పాటునూ నిర్బంధం చేశారు. విడిగా కొన్న కిట్లతో ఈ రెండూ రావు.

దోషనిర్ధారణ

ఒక దీపమే వెలగకపోతే కొత్త సామాను కొనే ముందు ఎడమ, కుడి బల్బులను తారుమారు చేయాలి. లోపం బల్బుతోపాటు రెండో పక్కకు వెళ్తే బల్బు పోయినట్లు. వెళ్లకపోతే బ్యాలస్ట్‌లను మార్చి చూడాలి. అప్పటికీ అదే పక్కన నిలిస్తే తీగలోనో ఎర్త్‌లోనో తప్పు ఉన్నట్లు. రెండూ వెలగకపోతే ఫ్యూజు, రిలే, ఆ తరువాత సంకేతపు తీగల దిశ చూడాలి. కొన్ని కార్ల హెచ్4 వైరింగులో పాజిటివ్ ఉమ్మడిగా ఉండి స్విచ్చి నెగటివ్ వైపు పనిచేస్తుంది. నెగటివ్ ఉమ్మడి అనుకుని తయారైన కిట్ వాటిలో రిలేను కదిలించలేదు.

వెలిగిన కొద్ది క్షణాలకే ఆరిపోవడం అన్నిటికన్నా తరచుగా వచ్చే ఫిర్యాదు, తరచుగా తప్పుగా తేల్చేదీ ఇదే. టెస్ట్ ల్యాంపు పెడితే చక్కగా వెలుగుతుంది, దాంతో మెకానిక్ నెపం బ్యాలస్ట్ మీద వేస్తాడు. టెస్ట్ ల్యాంపు లాగే కరెంటు స్వల్పం కనుక తీగలోని నష్టం దానికి తెలియదు. మల్టీమీటరును బ్యాలస్ట్ ఇన్‌పుట్ దగ్గర పెట్టి, సరిగ్గా రాజుకునే క్షణంలో వోల్టేజి చూడాలి. అది 9 వోల్టుల ప్రాంతానికి పడిపోతే చాలా బ్యాలస్ట్‌లు తమను తాము ఆపేసుకుంటాయి. అప్పుడు మార్చవలసింది బ్యాలస్ట్‌ను కాదు, తుప్పు పట్టిన ఎర్త్‌ను, సన్నని తీగను లేదా అలసిన బ్యాటరీని.

దీపం గులాబీ లేదా ఊదా రంగుకు తిరిగి, మధ్యమధ్య ఆరి వెలుగుతుంటే బల్బు ఆయుష్షు తీరినట్లే. ఒక్కటే మార్చితే రెండు పక్కలా రంగు కలవదు, అందుకని జతగా మార్చడం ఆనవాయితీ. ఐరోపా కార్లలో దీపాలకు కరెంటు పంపే కంప్యూటరు దాన్ని వేగంగా తెంచి కలిపే ముక్కలుగా పంపుతూ, బల్బు లాగే కరెంటును కూడా గమనిస్తుంది. ఫలితంగా దీపం రెపరెపలాడుతుంది, లేదా బల్బు కాలిపోయిందన్న హెచ్చరిక డాష్‌బోర్డుపై వస్తుంది. రెపరెపలకు రిలే వైరింగు, కెపాసిటర్ సరిపోతాయి. హెచ్చరిక పోవడానికి పెట్టే రెసిస్టరు విపరీతంగా వేడెక్కుతుంది కాబట్టి దాన్ని ప్లాస్టిక్‌కు తగలనీయరాదు. ఎఫ్ఎం రేడియోలో గరగర వినిపిస్తే అధిక వోల్టేజి తీగను ఏరియల్ తీగకు దూరంగా జరపాలి.

మోటారుసైకిళ్ల సంగతి వేరు. పాత బండ్లలో హెడ్‌లైటుకు బ్యాటరీ నుంచి కాక ఇంజను నుంచి నేరుగా ఏకాంతర విద్యుత్తు వస్తుంది, దానితో బ్యాలస్ట్ పనిచేయదు. 2017 ఏప్రిల్ నుంచి భారత్‌లో కొత్త ద్విచక్ర వాహనాలకు ఇంజను నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు వెలిగే ఏర్పాటు తప్పనిసరి కావడంతో, సిగ్నలు దగ్గర ఇంజను ఆపి మళ్లీ వేసిన ప్రతిసారీ జెనాన్ బల్బు కొత్తగా రాజుకోవలసి వస్తుంది, దానివల్ల త్వరగా అరిగిపోతుంది.

చట్టం

కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోని 106వ నిబంధన ముందు దీపాల వెలుగు ఎదుటివారి కళ్లు చెదరగొట్టకుండా శాశ్వతంగా కిందికి వంగి ఉండాలని చెబుతుంది. తయారీదారు పేర్కొన్న స్వరూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తుంది. సుప్రీంకోర్టు 2019 జనవరి తీర్పులో ఈ నిషేధాన్ని గట్టిగా నిలబెట్టింది, అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు విధించే వీలు కల్పించింది. అమెరికాలోనూ హాలోజన్ దీపంలో జెనాన్ కిట్ పెట్టడం సమాఖ్య ప్రమాణానికి విరుద్ధమే.

కొత్త కార్లలో జెనాన్ స్థానాన్ని ఎల్ఈడీ దీపాలు ఆక్రమించాయి. హాలోజన్ గిన్నెలో ఎల్ఈడీ బల్బు పెట్టినా కాంతి చెదిరే చిక్కు తీరదు. వెలుగు చాలడం లేదని కిట్ కొనబోయేవారు ముందుగా పసుపుబారిన పై అద్దానికి పాలిష్ పట్టించి, బల్బు హోల్డరు దగ్గర వోల్టేజి కొలిపించుకోవడం మేలు. హాలోజన్ బల్బుకు అందే వోల్టేజి పది శాతం తగ్గితే కాంతి దాదాపు ముప్పై శాతం తగ్గుతుంది. ఆ నష్టాన్ని పూడ్చడానికి మంచి తీగలు, ఒక రిలే చాలు.