ఫ్రిజ్ కథా కమామిషూ



ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఫ్రిజ్ తలుపు తీసేసరికి లోపల చల్లదనం లేకపోతే గృహిణి ప్రాణం ఎలా ఉసూరుమంటుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. పాలు విరిగిపోతాయి. రుబ్బి పెట్టుకున్న ఇడ్లీపిండి పులిసి గిన్నె దాటి పొంగుతుంది. అంతటితో పోతే ఫర్వాలేదు. రెండేళ్ళ కిందట మా ఇంట్లో ఫ్రిజ్ ఆగిపోయినప్పుడు అందులో మా అత్తగారి ఇన్సులిన్ ఉంది. మెకానిక్ వచ్చాడు, వెనక్కి ఒకసారి వంగి చూశాడు. "కంప్రెసర్ పోయిందమ్మా! బాగుచేయించడం దండగ, కొత్తది కొనుక్కోండి" అని చెప్పి వెళ్ళిపోయాడు. మందు సీసా ఎదురింటి వారి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు రోజులు తర్జనభర్జన పడ్డాం. మూడో రోజున మా వీధి చివర ఉండే ఒక పెద్దాయన వచ్చి, కంప్రెసర్ పక్కన ఉన్న అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ ముక్క ఊడదీసి, కొత్తది తగిలించారు. ఫ్రిజ్ గుర్రుమంటూ మొదలైంది. ఆ ముక్క ఖరీదు వందల్లో తేలిపోయింది. కంప్రెసర్ మార్పిస్తే వేలల్లో అయ్యేది.

అప్పటినుంచీ ఈ పెట్టెలో ఏ భాగం ఏం పని చేస్తుంది, అసలు ఎందుకు వచ్చింది అని తెలుసుకోవడం మొదలుపెట్టాను. తెలుసుకున్నకొద్దీ ఒక సంగతి బోధపడింది. ఫ్రిజ్‌లో ప్రతి భాగమూ ఒకనాటి ఇబ్బందిని తీర్చడానికి పుట్టినదే. ఆ ఇబ్బంది ఏమిటో తెలిస్తే, ఆ భాగం చెడిపోతే ఏమవుతుందో మనకే తెలిసిపోతుంది. ఆ కథే ఇవాళ మీతో చెప్పుకుందామని.

మొదట్లో మనిషికి చలువ పుట్టించడం చేతకాలేదు. దొరికిన చలువను దాచుకోవడమే చేతనైంది. అమెరికాలో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వర్తకుడు 1833లో బోస్టన్ రేవు నుంచి టస్కనీ అనే ఓడలో 180 టన్నుల మంచుగడ్డలు కలకత్తాకు పంపించాడు. చలికాలంలో గడ్డకట్టిన చెరువుల్లోంచి కోసి తీసిన మంచు అది. నాలుగు నెలలు సముద్రం మీద, అదీ ఉష్ణమండలం దాటి వస్తే, ఇంకా 100 టన్నుల దాకా మిగిలిందంటే నమ్ముతారా? ఆ మంచును కాపాడింది ఏ యంత్రమూ కాదు. గాలి చొరకుండా చుట్టూ దట్టంగా కూరిన ఎండుగడ్డీ, చెట్టు బెరడు పొట్టూ లాంటివే. మద్రాసు మెరీనా ఒడ్డున 1842లో ఆ మంచు నిలవ చేయడానికి కట్టిన ఐస్ హౌస్ ఇప్పటికీ ఉంది. 1897లో వివేకానందస్వామి విదేశాలనుంచి తిరిగివచ్చి తొమ్మిది రోజులు బస చేసింది ఆ భవనంలోనే. అందుకే దాన్ని ఇప్పుడు వివేకానందర్ ఇల్లం అంటున్నారు.

ఇందులో మనకు మొదటి పాఠం ఉంది. చల్లబరచడం ఎంత ముఖ్యమో, బయటి వేడిని లోపలికి రానివ్వకపోవడమూ అంతే ముఖ్యం. మన ఫ్రిజ్‌లో ఆ ఎండుగడ్డి చేసిన పని గోడల లోపలి నురగ చేస్తుంది. తలుపు దగ్గర ఆ పని చేసేది అంచున మెత్తగా చుట్టి ఉండే రబ్బరు. దీన్నే గాస్కెట్ అంటారు.

ఈ రబ్బరు వెనక ఒక విషాదగాథ ఉంది. పాతకాలపు ఫ్రిజ్ తలుపులకు గడియలుండేవి. అవి బయటినుంచి తప్ప తెరుచుకునేవి కావు. అమెరికాలో జనం పాత ఫ్రిజ్‌లను పెరట్లోనో చెత్తకుప్పల్లోనో పారేస్తే, దాగుడుమూతలాడే పిల్లలు అందులో దూరి, తలుపు పడిపోయి, ఊపిరాడక చనిపోయేవారు. అలా ఎందరో తల్లులకు కడుపుకోత మిగిలాక 1956లో అక్కడ ఒక చట్టం చేశారు. 1958 చివరినుంచి తయారయ్యే ప్రతి ఫ్రిజ్ తలుపూ లోపలినుంచి తోస్తే తెరుచుకోవాలన్నారు. అప్పుడు గడియలు పోయి, రబ్బరులో అయస్కాంతపు పట్టీ పెట్టడం వాడుకలోకి వచ్చింది. ఇప్పటికీ పాత ఫ్రిజ్‌ను మూలన పడేసేటప్పుడు తలుపు ఊడదీయించడం మరచిపోకండి.

మరి ఈ రబ్బరు పాడైందని ఎలా తెలుస్తుంది? ఒక కాగితం ముక్క తలుపు సందులో పెట్టి మూయండి. మెల్లగా లాగండి. బిగువుగా వస్తే మంచిదే. జారుతూ వచ్చేస్తే అక్కడ రబ్బరు పట్టడం లేదన్నమాట. ఇలా నాలుగు పక్కలా చూడాలి. ఒక్కోసారి జిడ్డు పట్టడం వల్లే పట్టు తప్పుతుంది. ప్లగ్గు తీసి, గోరువెచ్చని సబ్బునీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో మడతల్లో తుడవండి. చీలిపోయి ఉంటే మాత్రం మార్చాల్సిందే. రబ్బరు పాడైన ఫ్రిజ్ మోటారు అలుపు లేకుండా తిరుగుతుంది. కరెంటు బిల్లు పెరుగుతుంది. ఫ్రీజర్‌లో మంచు పేరుకుపోతుంది. అది చూసి చాలామంది మోటారును అనుమానిస్తారు.

ఇక చలువ పుట్టించే యంత్రం సంగతి. మన కూజాలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయి? మట్టి సందుల్లోంచి చెమర్చిన నీరు ఆవిరైపోతూ వేడిని తీసుకుపోతుంది గనుక. ఈ సూత్రమే ఆధారంగా జేకబ్ పెర్కిన్స్ అనే ఆయన 1834లో లండన్‌లో ఒక యంత్రానికి పేటెంటు పుచ్చుకున్నారు. కూజాలోంచి పోయిన ఆవిరి గాలిలో కలిసిపోతుంది. పెర్కిన్స్ యంత్రంలో ఆవిరిని మళ్ళీ పట్టి, నొక్కి, ద్రవంగా మార్చి, తిరిగి వాడుకుంటారు. నొక్కేది కంప్రెసర్. నొక్కినప్పుడు పుట్టిన వేడిని వదిలేది వెనకున్న నల్లటి జాలీ. తిరిగి ఆవిరై చలువనిచ్చేది ఫ్రీజర్. ఇప్పటికీ మన వంటింట్లో జరుగుతున్నది ఇదే. కాబట్టి వెనక జాలీకి బూజూ దుమ్మూ పట్టినా, ఫ్రిజ్‌ను గోడకు ఆనించేసినా వేడి పోయే దారి ఉండదు. అప్పుడు చలువ తగ్గుతుంది. రెండు మూడు నెలలకోసారి ప్లగ్గు తీసి, మెత్తని బ్రష్షుతో దులిపితే చాలు. కొన్ని కొత్త ఫ్రిజ్‌లకు ఈ జాలీ పక్క గోడల్లోనే దాగి ఉంటుంది. వాటి పక్కలు వెచ్చగా ఉంటే కంగారు పడకండి.

ఇళ్ళల్లోకి కరెంటు ఫ్రిజ్‌లు వచ్చిన తొలిరోజుల్లో లోపల తిరిగే గ్యాసులు ప్రమాదకరమైనవి. అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వాడేవారు. మోటారు వేరే, కంప్రెసర్ వేరే ఉండి, తిరిగే ఇరుసు దగ్గరనుంచి గ్యాసు కారేది. బెర్లిన్‌లో అలా ఒక కుటుంబం చనిపోయిందన్న వార్త చదివి ఐన్‌స్టీన్ మహాశయుడు చలించిపోయారని చెబుతారు. ఆయన, లియో సిలార్డ్ కలిసి, కదిలే భాగాలే లేని ఫ్రిజ్‌ను రూపొందించి, 1930లో అమెరికా పేటెంటు పొందారు. అది బజారుకు రాలేదు. అయితే 1927లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ తెచ్చిన 'మానిటర్ టాప్' ఫ్రిజ్ బాగా చెల్లింది. అందులో మోటారునూ కంప్రెసర్‌నూ కలిపి, గ్యాసు కారకుండా ఉక్కు డబ్బాలో పెట్టి మూసేశారు. మన ఫ్రిజ్ వెనక అడుగున ఉండే నల్లటి గుండు అదే.

మంచి పనే. కానీ మూసేసిన డబ్బా కావడంతో, లోపల ఏముందో తెలియక, ఫ్రిజ్ ఆగితే ఆ గుండే పోయిందని మనం సులువుగా నమ్మేస్తాం. నిజానికి దాన్ని నడిపించే చిన్న భాగాలన్నీ బయటే ఉన్నాయి. మోటారుకు మొదట ఊతమిచ్చి తిప్పేది రిలే. వేడెక్కితే కరెంటు ఆపేది ఓవర్‌లోడ్. లోపలి చల్లదనాన్ని బట్టి మోటారును ఆపీ, నడిపీ చేసేది థర్మోస్టాట్. ఇవి మూడూ ఊడదీసి మార్చగలిగేవే. ఇన్వర్టర్ రకం ఫ్రిజ్‌లలో రిలేకు బదులు ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది.

అందుకని ఫ్రిజ్ ఆగినప్పుడు ఒక వరసలో చూడండి. లోపలి దీపం వెలుగుతోందా? వెలగకపోతే ముందు ప్లగ్గూ, స్టెబిలైజరూ చూడాలి. దీపం వెలుగుతూ, కొన్ని నిమిషాలకోసారి "టక్" మని చప్పుడై, మోటారు మూలిగి ఆగిపోతుంటే ముందుగా వోల్టేజీనీ, రిలేనీ, ఓవర్‌లోడ్‌నూ అనుమానించాలి. మా ఇంట్లో జరిగింది అదే. దీపం ఉండి, ఏ చప్పుడూ లేకపోతే థర్మోస్టాట్ కావచ్చు. మోటారు నిర్విరామంగా తిరుగుతూ చలువ లేకపోతేనే గ్యాసు సంగతి ఆలోచించాలి. కూరల డబ్బా కింద నీరు నిలిస్తే అది పెద్ద జబ్బు కాదు. వెనక నీళ్ళు పోయే కన్నం మూసుకుపోయి ఉంటుంది. అన్నట్టు, కరెంటు పోయి వచ్చినప్పుడు వెంటనే వేయకుండా ఐదు నిమిషాలు ఆగితే మోటారుకు మంచిది. ఇవన్నీ మనం చూసి మెకానిక్‌కు చెప్పడానికే సుమండీ! కరెంటు తీగల జోలికి మనం పోకూడదు.

గ్యాసు మాట వచ్చింది గనుక ఆ కథా చెబుతాను. 1928లో థామస్ మిడ్జ్‌లీ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడి బృందం విషం కాని, మండని గ్యాసును కనిపెట్టింది. అదే ఫ్రియాన్. 1930లో ఆయన పండిత సభలో దాన్ని పీల్చి, ఊది, కొవ్వొత్తి ఆర్పి చూపించారు. ఆ ధైర్యంతోనే ఫ్రిజ్‌లు ఇంటింటికీ చేరాయి. కానీ 1974లో మొలీనా, రోలండ్ అనే శాస్త్రజ్ఞులు ఈ జాతి గ్యాసులు ఆకాశంలోని ఓజోన్ పొరను తినేస్తాయని చెప్పారు. 1987లో మాంట్రియల్‌లో పలు దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. 1992లో మన దేశమూ చేరింది. ఇప్పుడు మన ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండేవి ఆర్-134ఏ, లేకపోతే ఆర్-600ఏ. ఈ రెండోది ఓజోన్‌కు హాని చేయదు కానీ, మన వంటగ్యాసులాగే మండుతుంది. అందుచేత గ్యాసు పని తెలిసినవాడే చేయాలి. గాలి ఆడే చోట, పొయ్యి ఆర్పి చేయించాలి. ఏ గ్యాసు, ఎన్ని గ్రాములు అన్నది ఫ్రిజ్ మీది చీటీలోనే రాసి ఉంటుంది. ఒకదాని బదులు ఇంకొకటి నింపకూడదు.

ఇంకో మాట. "గ్యాసు అయిపోయిందమ్మా" అంటారు కదూ! వంటగ్యాసు మండి అయిపోతుంది. ఫ్రిజ్ గ్యాసు అలా అయిపోదు, తిరిగిందే తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. ఆ కన్నం వెతికి మూయకుండా నింపితే మళ్ళీ అదే ఖర్చు. ఆ కన్నం చాలా ఇళ్ళల్లో ఎలా పడుతుందో తెలుసా? ఫ్రీజర్‌లో మంచును చాకుతో గీకడం వల్ల! ఆ రేకులోనే గ్యాసు గొట్టాలుంటాయి. మంచును కరగనివ్వండి, పొడవకండి.

మన దేశంలో తొలి ఫ్రిజ్‌ను 1958లో గోద్రెజ్ వారు తయారుచేశారు. మన హైదరాబాదులో 1942లో పుట్టిన ఆల్విన్ కంపెనీ ఫ్రిజ్‌లు ఎన్నో తెలుగు ఇళ్ళల్లో ఏళ్ళతరబడి నడిచాయి. 1990ల్లో ఆ ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్‌లో కలిసిపోయింది. కంపెనీ పోతే ఫ్రిజ్‌కూ కాలం తీరినట్టేనా? కాదు. థర్మోస్టాట్ మీదా, రిలే మీదా నంబర్లుంటాయి. అదే నంబరుదో, దానికి సరిపడేదో పెద్ద ఊళ్ళలోని ఫ్రిజ్ విడిభాగాల దుకాణాల్లో అడగవచ్చు. తలుపు రబ్బరును కొలతలిచ్చి చేయించుకోవచ్చు. కొలత ఒక అంచునుంచి ఇంకో అంచుకు, పాత రబ్బరును దగ్గర పెట్టుకుని తీయాలి. రిలేను మాత్రం కంప్రెసర్ మీది నంబరు చూసి సరిపోల్చాలి.

యూరప్‌లో 2021 మార్చినుంచి ఒక నిబంధన అమలులో ఉంది. ఒక రకం ఫ్రిజ్ అమ్మకం ఆపేసినా థర్మోస్టాట్లు 7 ఏళ్ళు, తలుపు రబ్బర్లు 10 ఏళ్ళు తయారీదారులు అందించాలి. మన కేంద్ర వినియోగదారుల శాఖ కూడా 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పేరిట ఒక పోర్టల్ తెరిచింది. "ఈ సామాను దొరకదు" అనగానే తలూపేయకుండా అడగడం మన హక్కు.

చివరిగా ఒక చిన్న పని చెబుతాను. ఇవాళే మీ ఫ్రిజ్ లోపలో వెనకో ఉన్న చీటీ చూసి మోడల్ నంబరు, గ్యాసు పేరు, కొన్న తేదీ మీ పద్దుల పుస్తకంలో రాసిపెట్టుకోండి. మెకానిక్ "కంప్రెసర్ పోయింది" అంటే, "రిలే, ఓవర్‌లోడ్, థర్మోస్టాట్ చూశావా నాయనా?" అని ఒక్క మాట అడగండి. మార్చిన పాత సామాను మీ చేతికిమ్మనండి. మా అత్తగారి ఇన్సులిన్ ఇప్పటికీ ఆ పాత ఫ్రిజ్‌లోనే చల్లగా ఉంటోంది.